యానాంలో ఫారో సైన్యం

కాకినాడలో బస్సెక్కితే గంట సేపటిలో యానాం చేరవచ్చును. గౌతమీ గోదావరి ఒడ్డున చిన్న పట్టణం. ఎదుర్లంక వంతెన దాటితే అవతల కోనసీమ. చుట్టూ ఆంధ్రదేశమే అయినా పరిపాలన మాత్రం ఎక్కడో దూరాన ఉన్న పుదుచ్చేరిది. 1954 నవంబరు 1న ఫ్రెంచివారి ఏలుబడి పోయింది. 1962 ఆగస్టు 16న చట్టరీత్యా కూడ ఈ భూమి భారతదేశంలో చేరింది. మొత్తం 30 చదరపు కిలోమీటర్లు.

ఏటిగట్టు అందాన్ని గురించి చాలమంది వ్రాశారు. నేను చెప్పదలచినది మొన్న సంక్రాంతికి అక్కడ మా అత్తయ్య ఇంట బొమ్మల కొలువులో చూచిన సైన్యం సంగతి.

కొండపల్లి దశావతారాలకు, ఏటికొప్పాక లక్కబొమ్మలకు నడుమ, బెత్తెడైనా లేని సీసపు సిపాయిలు పదకొండుగురు; వారి ముందు ఒక రథం. పాత అట్టపెట్టె మీద పారిస్‌లోని మిన్యో కంపెనీ పేరున్నది. ఆ కంపెనీవారు రోమనులు, గ్రీకులు, ఈజిప్టువారు మొదలగు ప్రాచీన సైన్యాలను పోతపోసి, రంగులు వేసి అమ్మేవారు. మామయ్య తండ్రిగారు ఫ్రెంచి కొలువులో ఉన్ననాడు తెచ్చినవట.

ఇటువంటి బొమ్మలు కూర్చడం నాకు చాలకాలంగా ఉన్న సరదా. వీటిని బల్ల మీద బారులు తీర్చి, కొలత టేపుతో నడక కొలిచి, పాచికలు వేసి యుద్ధం నడుపుతారు. ఆంగ్ల రచయిత వెల్స్ 1913లోనే ఈ ఆటకు పుస్తకం వ్రాశాడు. చతురంగం పుట్టిన దేశంవారికి ఇది వింత కాదు. ఈజిప్టులో అస్యూత్ వద్ద మెసెహ్తి అనే అధికారి సమాధిలో నలభై మంది ఈటెవాళ్లు, నలభై మంది నూబియా విలుకాండ్రు కొయ్యబొమ్మలుగా దొరికారు. వారి వయస్సు సుమారు 4000 ఏండ్లు! రథంలో ఇద్దరుంటే ఈజిప్టువారిది. కాదేషు యుద్ధంలో రెండవ రామ్సేసును ఎదిరించిన హిట్టయిట్ల రథాలలో ముగ్గురుంటారు. అత్తయ్య రథంలో ఇద్దరే.

"రెండు పెట్టెలుండేవి నాయనా! విరిగినవాటిని కరిగించి వలకు గుళ్లు పోశారు. కొలువులో పెట్టినవి గనుక వీటిని ఎవరూ ముట్టలేదు," అన్నది అత్తయ్య.

ఇప్పుడు ఆ ఇల్లు అమ్ముతున్నారు. పిల్లలు ముగ్గురు, మూడు ఊళ్లు. బొమ్మలు పన్నెండు గనుక తలా నాలుగు అని పంపకం కూడ అయిపోయింది. ఒక వర్తకుడు రథం ఒక్కటే ఇమ్మని అడిగాడట. విడదీస్తే సైన్యం పోయి సీసం మిగులుతుందని నేనన్నాను. అత్తయ్య కాసేపు ఆలోచించి, "ఎవరింట కొలువు పెడతారో మొత్తం వారికే," అని తేల్చింది. పెద్దకోడలు ఆ సాయంత్రమే మెట్లబల్ల కొలతలు తీసుకున్నది.

మన ఇండ్లలో అటకల మీద ఇటువంటివి ఇంకా ఉండవచ్చును. దొరికితే కొత్త రంగు పూయకండి. పాత రంగే వాటి విలువ. చెమ్మ తగలనీయకండి, తెల్లని పొడి రాలితే సీసం చెడుతున్నదన్నమాట. పసిపిల్లల నోటికి అందనీయకండి, ముట్టుకొన్న చేతులు కడుక్కోండి. అన్నిటికంటె ముఖ్యం, పంచుకోకండి.