పాత పొయ్యి, కొత్త పొయ్యి

ఇంట్లో ఏది చెడినా ముందు అనుమానం పాతదాని మీదకే పోతుంది, గమనించారా? మిక్సీ తిరక్కపోతే "పాతదైపోయింది, మార్చేద్దాం" అంటారు గానీ ప్లగ్గు సరిగ్గా పెట్టారో లేదో చూడరు. ఆఫీసులోనూ అంతే.

ఇరవయ్యేళ్ళ క్రితం నేను సి ప్లస్ ప్లస్‌లో రాసిన వడ్డీ లెక్కల ప్రోగ్రాం మా ఆఫీసులో ఇంకా పనిచేస్తోంది. పై హంగులన్నీ ఇప్పుడు జావా. ఆ రెండింటికీ ఒకరి భాష ఒకరికి రాదు గనక, మధ్యలో జె.ఎన్.ఐ. అని ఒక దుబాసీ. 1997లో జావా 1.1తో పాటు వచ్చాడు.

మొన్న ఆఫీసుకి కొత్త మెషీన్లు వచ్చాయి. పిల్లలు వాటి మీద నా ప్రోగ్రాంని మళ్ళీ కంపైల్ చేశారు. మా దగ్గర చక్కగా నడిచింది. క్లయింటు దగ్గర పెట్టగానే జావా మొండికేసింది. 'అన్‌శాటిస్‌ఫైడ్ లింక్ ఎర్రర్' అంటుంది.

"మేడమ్, ఆ పాతది తీసేసి మొత్తం జావాలో రాసేద్దాం" అన్నాడు మా కుర్రాడు, మర్యాదగానే. 'పాతది' అన్నప్పుడు నావైపు చూశాడనిపించింది. యాభై దాటిన మనిషికి ఇలాంటివి చటుక్కున తగుల్తాయి.

ఇంటికొచ్చేసరికి అత్తయ్యగారు గ్యాసు మీద పులుసు కాస్తున్నారు. ఊరికే ఉండలేక, "మొదట్లో మీకు ఈ గ్యాసు కష్టమనిపించలేదా అత్తయ్యా?" అన్నాను.

"కట్టెలపొయ్యి ఊదినదానికి గ్యాసొక లెక్కటే! నీ కూతుర్ని మన ఊళ్ళో కట్టెలపొయ్యి ముందు కూచోబెట్టు, అప్పుడు తెలుస్తుంది."

మర్నాడు ఆ ఎర్రరు చివరిదాకా చదివాను. 'గ్లిబ్‌సీ 2.34 దొరకలేదు' అని ఉంది. లినక్సు మెషీన్లో ప్రోగ్రాములన్నీ వాడుకునే ఉమ్మడి సరుకుల గది ఈ గ్లిబ్‌సీ. 2.34 వచ్చింది 2021లో. క్లయింటు దగ్గరున్నది 2018 నాటి 2.28. పాతచోట కంపైలైన ప్రోగ్రాం కొత్తచోట సర్దుకుపోతుంది. కొత్తచోట కంపైలైంది పాతచోటికి వెళ్ళి లేని సరుకు అడుగుతుంది!

తప్పు నా ప్రోగ్రాందీ కాదు, జావాదీ కాదు. మూల పడేసిన పాత మెషీను దుమ్ము దులిపి, అందులో కంపైల్ చేశాం. ప్రోగ్రాంలో ఒక్క అక్షరం మార్చలేదు. రెండుచోట్లా నడిచింది.

"ఈ పాత మెషీన్ని పారేయొద్దు మేడమ్" అన్నాడు ఆ కుర్రాడే.

సాయంత్రం అత్తయ్యగారికి చెబితే, "అయితే ఈ నెల నీ జీతంలో నాకూ వాటా ఉందన్నమాట" అంటూ పొయ్యి కట్టేశారు.