ఇంట్లో ఒక తపాలా కార్యాలయం

మీరు ఉత్తరం రాసి ఎర్ర డబ్బాలో వేస్తారు. ఇక చేరినట్లే అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని ఒకసారి పొరపాటు చేశాను. ఆ సంగతి మీకు చెబుతాను.

మేముండేది ఢిల్లీ పక్కన నోయిడాలో. ఇంట్లో మూలన పడి ఉన్న పాత కంప్యూటరులో లినక్స్ వేసి, దాన్ని చిన్న సర్వరుగా మార్చాను. లినస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లినక్స్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు.

ఇంటి ఇంటర్నెట్ నుంచి నేరుగా పంపే ఈ-మెయిళ్లను చాలా సర్వర్లు నమ్మవు. అందుచేత నేను తేలిక దారి ఎంచుకున్నాను. బయట నాకున్న ఖాతాకు వచ్చిన మెయిళ్లను ఫెచ్‌మెయిల్ అనే ప్రోగ్రాం ఇంటికి తెస్తుంది. నేను రాసిన వాటిని పోస్ట్‌ఫిక్స్ అనే మరో ప్రోగ్రాం తీసుకుని, ఆ ఖాతా ఉన్న పెద్ద సర్వరుకు అప్పగిస్తుంది. అక్కడి నుంచి అవి గమ్యం చేరతాయి.

పోస్ట్‌ఫిక్స్‌కు ఓపిక ఎక్కువ. ఇంటర్నెట్ ఆగిపోతే ఉత్తరాన్ని పారేయదు. వరుసలో ఉంచి, మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. మనం వేరే గడువు పెట్టకపోతే 5 రోజులు చూస్తుంది. అప్పటికీ వెళ్లకపోతే తిప్పి పంపుతుంది. ఈలోగా మనకేమీ చెప్పదు. చిక్కంతా అక్కడే ఉంది.

ఘజియాబాద్‌లో పగలు పని చేసుకుంటూ రాత్రి చదువుకునే ఒక తెలుగు అభ్యాసకుడు పరీక్ష ఫీజుకు చివరి తేదీ ఏదని నాకు రాశాడు. వెంటనే జవాబిచ్చాను. అయితే మెయిళ్లు పంపడానికి వాడే పాస్‌వర్డ్‌ను అంతకుముందే మార్చాను. కొత్తదాన్ని ఇంటి సర్వరులో రాయడం మరిచాను. ఆరో రోజు నా జవాబు నాకే తిరిగి వచ్చింది. అప్పటికి ఆ తేదీ దాటిపోయింది.

ఫోను చేసి, తప్పు నాదేనన్నాను. "ఫరవాలేదు సార్, ఇంకా అవకాశాలున్నాయి కదా" అన్నాడతను. నిజమే. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థలో ఒకసారి నమోదైతే 5 సంవత్సరాల్లో 9 సార్లు పరీక్ష రాయవచ్చు. కాని అతని ఆరు నెలలు నా వల్ల పోయాయి.

అప్పటి నుంచి రోజూ పడుకోబోయే ముందు సర్వరులో 'మెయిల్‌క్యూ' అని కొట్టి చూస్తాను. వెళ్లకుండా ఆగిన ఉత్తరాలుంటే ఆ జాబితాలో కనిపిస్తాయి. కారణం కూడా పక్కనే ఉంటుంది. దీనికి అర నిమిషం పట్టదు.

మీరు కూడా దరఖాస్తో, ఉత్తరమో పంపినప్పుడు అంతటితో పని అయిపోయిందనుకోకండి. అది చేరిందో లేదో కనుక్కోండి. పంపడం సగం పనే.