నాన్నగారి మైకుసెట్టు

మా మనుమడు గిటారు నేర్చుకుంటున్నాడు. వాళ్ళ కాపురం ఉక్కునగరంలో. ఆదివారం వచ్చిందంటే వాడు గిటారుతో సహా అడవివరంలో మా ఇంట్లో దిగుతాడు. సింహాచలం కొండ దిగువన మేము ప్రశాంతంగా ఉండటం వాడికి కంటగింపు కాబోలు!

మొన్నొకనాడు, "తాతయ్యా, వాల్వు ఆంప్లిఫయరు కొనాలి" అన్నాడు. ట్రాన్సిస్టర్లు వచ్చి వాల్వుల్ని వెళ్ళగొట్టి ఎన్నాళ్ళయింది! ఇప్పుడు విదేశాల్లో వాటిని ఒక్కొక్కటిగా చేత్తో కట్టి అమ్ముతున్నారట. ధర చెప్పాడు. మా ఆవిడ పోపు మాడ్చుకుంది.

"అటకమీద మీ ముత్తాతగారిది ఉందిరా" అన్నాను.

నాన్నగారు 1960 దశకంలో పెళ్ళిళ్ళకు మైకుసెట్టు అద్దెకిచ్చేవారు. పెట్టె స్వయంగా కట్టుకున్నారు. దించి మూత తీస్తే రెండు ఇఎల్ 84 వాల్వులు. వాడు ఎగిరి గంతేశాడు. ఇంగ్లండులో 1958లో వచ్చిన వాక్స్ ఏసీ 15 లోనూ ఇవే రెండట!

ఈ జంట పని ఇద్దరు వడ్రంగులు రంపం లాగినట్టుంటుంది. ఒకరు లాగితే ఒకరు వదలాలి. అంతవరకు రెండు పెట్టెలూ అన్నదమ్ములే. తేడా అంతా ఒక్క రెసిస్టరులో ఉంది. నాన్నగారి పెట్టెలో అది బయటికి పోయే ధ్వనిలోంచి పిసరంత వెనక్కు తెచ్చి, లోపలికి వచ్చేదానికి ఎదురుగా కలుపుతుంది. వచ్చిన తప్పు వచ్చినట్టే దిద్దుబాటన్నమాట. పురోహితుడి మంత్రంలో అక్షరం చెడకూడదు కదా! వాక్సులో ఆ దిద్దుబాటు లేదు. గట్టిగా మీటితే ధ్వని బొంగురుపోతుంది. గిటారు వాళ్ళకు ఆ బొంగురే ముద్దు. అమెరికావారి ఫెండర్ బాస్‌మన్‌లో మాత్రం దిద్దుబాటు ఉంది. దాన్ని చూసే 1962లో లండనులో మార్షల్ దుకాణంవారు తమ మొదటి పెట్టె కట్టారు. అదేమో ఎంత దిద్దినా గొంతు చించుకునే రకం!

"ఈ ఒక్క రెసిస్టరూ కత్తిరించేస్తే సరి తాతయ్యా."

నాకు చెయ్యి ఆడలేదు. నాన్నగారి దిద్దుబాట్లు మీకు తెలియవు. కాలేజీనుంచి నేను రాసిన ఉత్తరాలకు ఎర్రసిరాతో తప్పులు దిద్ది, తిరుగుటపాలో నాకే పంపిన మనిషి. ఆయన పోయి ముప్ఫైయేళ్ళయింది. ఆ సోల్డరు ముద్దలు మాత్రం ఇంకా తళతళలాడుతున్నాయి.

వారం గడిచింది. ఈలోగా తెలిసినవాడిచేత పాత కెపాసిటర్లు మార్పించాను. (ప్లగ్గు పీకినా అవి 300 వోల్టులదాకా దాచుకుంటాయి. మీరు వేలు పెట్టకండి. స్పీకరు తగిలించకుండా వెలిగించకండి కూడా, ట్రాన్స్‌ఫార్మరు కాలుతుంది.) ఆఖరికి నేనే సోల్డరు కరిగించి, ఆ రెసిస్టరుకు ఒక కొస మాత్రం విడదీశాను. కత్తిరించలేదు. కావాలంటే మళ్ళీ అతికించుకోవచ్చు.

వాల్వులు ఎర్రగా వెలిగాయి. వాడు గ్రామఫోను సాకెట్లో గిటారు వైరు గుచ్చి, గట్టిగా మీటాడు.

మా ఆవిడ తడిచేతులతో వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

"ఏమండీ, మామగారు దగ్గినట్టు లేదూ?" అంది.

"మళ్ళీ మీటరా" అన్నాను వాడితో.