ముందు పాడారు, వెనక వచ్చింది

మా అబ్బాయికి పటాన్‌చెరులో షిఫ్టు ఉద్యోగం. ఆరు రోజులు మెషిన్ల మోత విన్నవాడు ఏడో రోజైనా ఊరుకోవచ్చు కదా! సంగారెడ్డిలో మా వీధి వీధంతా వినపడేలా ఇంగ్లీషు పాటలు పెడతాడు.

"ఏమిట్రా ఈ గోల?" అన్నాను, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

"గోల కాదమ్మా, బీటిల్స్. 'లెట్ ఇట్ బీ' ఆల్బం. దీని వెనక పెద్ద కథుంది" అన్నాడు. కథంటే నేను చెవి కోసుకుంటానని వాడికి తెలుసు.

లివర్‌పూల్ కుర్రాళ్ళు నలుగురు. 1968లో మన రుషీకేశ్‌కి కూడా వచ్చి వెళ్ళారు. 1969 జనవరిలో సినిమా కెమెరాల ఎదుట కొత్త పాటలు కట్టడం మొదలుపెట్టారు. వారం తిరిగేసరికి జార్జ్ హారిసన్ అలిగి వెళ్ళిపోయాడు. ఎలాగో తిరిగొచ్చాడు. వచ్చాక బిల్లీ ప్రెస్టన్ అనే వాద్యగాణ్ణి పిలుచుకొచ్చాడు. చుట్టం ఎదుట ఇంటివాళ్ళు గొంతు తగ్గిస్తారు చూడండి, అలా అందరూ సర్దుకున్నారు. జనవరి 30న ఆఫీసు డాబా ఎక్కి పాడితే పోలీసులొచ్చారు!

ఇంతా చేసి ఆ టేపులు మూల పడేశారు. తరవాత తయారైన 'అబే రోడ్' సెప్టెంబరులోనే బజారుకొచ్చేసింది. 1970లో ఫిల్ స్పెక్టర్ అనే ఆయన చేతికి టేపులిస్తే, పాల్ మెకార్ట్నీని అడక్కుండానే అతని పాటకు వయొలిన్లూ కోరస్సూ దట్టించాడు. ఏప్రిల్లో పాల్ విడిపోయిన సంగతి పేపర్లకెక్కింది. మే 8న రికార్డొచ్చింది, ఇల్లు పంచుకున్నాక అందిన శుభలేఖలాగా. 2003లో 'నేకెడ్' అని మళ్ళీ వేశారట. పేరు వినగానే చెవులు మూసుకున్నాను. తీరా చూస్తే, హంగులు తీసేసిన పాటలని అర్థం!

"ఈ పాట వాళ్ళమ్మ గురించేనమ్మా. పేరు మేరీ. 1956లో, పాల్‌కి పద్నాలుగేళ్ళప్పుడు పోయింది. కలలోకొచ్చి ధైర్యం చెప్పిందట" అన్నాడు. నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

ఇంకో సంగతి విన్నాక మరీ నిలవలేకపోయాను. 1970లో వచ్చిన సినిమా చూసి, వీళ్ళు కొట్లాడుకోవడం తప్ప ఏమీ చేయలేదనుకున్నారు జనం. ఆ రీళ్ళనే పీటర్ జాక్సన్ 2021లో మళ్ళీ కూర్చి దాదాపు ఎనిమిది గంటలు చూపిస్తే, అందులో కొట్లాటతో పాటు బోలెడు నవ్వులు!

మా ట్రంకుపెట్టెలో ఒక క్యాసెట్ ఉంది. 1994లో మా మామగారి షష్టిపూర్తినాటిది. ఆ నెలలోనే మా పొయ్యిలు వేరయ్యాయి. ఒక ఇత్తడి గంగాళం దగ్గర నాకూ మా తోటికోడలికీ, మా వైపు యారాలంటాం, మాటామాటా పెరిగింది. అప్పట్నుంచి పెళ్ళిళ్ళలో ముక్తసరి పలకరింపులే. ఆ క్యాసెట్ మళ్ళీ ముట్టుకోలేదు.

అబ్బాయి స్నేహితుడి దగ్గర పాత టేపురికార్డరు తెచ్చాడు. గరగరల మధ్య మంత్రాలు, మామగారి దగ్గు. ఆ వెనక వంటింట్లోంచి మా గొంతులు. పులిహోరలో ఉప్పు లేదని నేను, వేశానని ఆవిడ. ఉన్నట్టుండి ఇద్దరం పకపకా నవ్వు! ఎంతకీ ఆగని నవ్వు. గంగాళం మాట ఎక్కడా లేదు. ఇన్నేళ్ళూ నేను నవ్వులు కత్తిరించేసి, తగువు ఒక్కటే దాచుకున్నానన్నమాట.

ఫోన్ చేసి వినిపించాను. అవతల చప్పుడు లేదు.

"గా నవ్వు మనదేనా, అక్కా?" అంది చాలాసేపటికి. ఆ వెంటనే, "అయినా ఉప్పు నేను ఏసిన!" అంది.

వచ్చే ఆదివారం వస్తానంది. పులిహోర నేనే కలుపుతున్నాను. ఉప్పు మాత్రం ఆవిడ వచ్చాకే.