పేర్లు పోయిన ఫోటోలు

"ఈ డ్రైవ్ వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి. చేయమంటారా?" అని విండోస్ అడిగింది. పోయిన డిసెంబర్ సెలవుల్లో, రాత్రి పదకొండింటికి. ఆ డ్రైవ్ నాది కాదు, నాన్నది.

నాన్న స్టిల్ ఫోటోగ్రాఫర్. తెనాలి నుంచి వచ్చి ఫిల్మ్‌నగర్‌లో స్థిరపడ్డారు. జూబ్లీహిల్స్ పక్కనే ఇల్లు అంటే కాలేజీలో అందరూ బంగళా అనుకుంటారు. మాది రెండు గదుల అద్దె ఇల్లు. షాట్‌కీ షాట్‌కీ మధ్య హీరో చొక్కా గుండీలు ఎన్ని పెట్టుకున్నాడో, టేబుల్ మీద గ్లాసు ఎటువైపు ఉందో తేడా రాకుండా తీసే కంటిన్యుటీ ఫోటోలు ఆయన పని. మధ్యలో ఖాళీ దొరికితే తనకోసం కొన్ని తీసుకునేవారు. లైట్‌మెన్, ప్రొడక్షన్ బాయ్స్, మేకప్ వాళ్లు, తెల్లారకముందే కృష్ణానగర్ నుంచి బస్సెక్కి వచ్చే జూనియర్ ఆర్టిస్టులు. 2007లో డిజిటల్ కెమెరా కొన్నప్పటి నుంచీ అవన్నీ ఈ డిస్కులోనే ఉన్నాయి.

తప్పు నాదే. లినక్స్ పెట్టుకోవడానికి చోటు కావాలని పార్టిషన్ సైజు తగ్గించబోయాను. బ్యాకప్ తీయలేదు. పని సగంలో ఉండగా కేబుల్ కాలికి తగిలి ఊడిపోయింది.

ఫార్మాట్‌కి "వద్దు" అని నొక్కాను. ఆ రోజు నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని అది. మొదటి సూత్రం, పాడైన డిస్కు మీద ఇంకేమీ రాయకూడదు. ఫ్రెండ్ దగ్గర ఇంకో డిస్కు అడిగి తెచ్చి, డీడీరెస్క్యూతో మొత్తం కాపీ తీసి, ఆ కాపీ మీదే పని మొదలుపెట్టాను.

డిస్కు మొదటి 512 బైట్లలోనే పార్టిషన్ టేబుల్ ఉంటుంది. ఒక్కో పార్టిషన్‌కి 16 బైట్లు, అంతే. అదొక్కటే పోయుంటే టెస్ట్‌డిస్క్ అనే ఉచిత ప్రోగ్రాం వెతికి మళ్లీ రాసేస్తుంది. అది పార్టిషన్‌ని కనిపెట్టింది కానీ లోపలికి వెళ్లలేకపోయింది. ఫైల్ సిస్టమ్ కూడా దెబ్బతింది. ఎడిటింగ్ రూములో రీలు డబ్బాల మీద చీటీలు అంటించి ఉంటాయి కదా, ఫైల్ సిస్టమ్ అలాంటిదే. చీటీలు ఊడిపోతే రీళ్లు ఎక్కడికీ పోవు, ఏ డబ్బాలో ఏముందో తెలియదంతే.

ఇక మిగిలింది ఫోటోరెక్. అది చీటీల జోలికి పోదు. డిస్కంతా చదువుకుంటూ వెళ్లి, జేపెగ్ ఫోటో ఏ బైట్లతో మొదలవుతుందో ఆ గుర్తు కనబడిన చోటల్లా ఒక ఫోటో బయటికి తీస్తుంది. పద్నాలుగు గంటలు పట్టింది. 11,240 ఫోటోలు వచ్చాయి. కొన్నిట్లో సగం మనిషి, మిగతా సగం బూడిదరంగు. కానీ చాలావరకు బాగానే ఉన్నాయి. తీసిన తేదీ ఫోటో లోపలే ఉంటుంది కాబట్టి అదీ దొరికింది. పోయినవి ఫోల్డర్లూ పేర్లూ. ప్రతి ఫైలుకీ ఎఫ్ అనే అక్షరం, దాని వెనక ఏడంకెలు.

అప్పుడు చెప్పాను. "డిస్కు పాడు చేశాను నాన్నా. ఫోటోలు వచ్చాయి, పేర్లు రాలేదు."

నాన్న ఏమీ అనలేదు. బయటికెళ్లి కాసేపు మెట్ల మీద కూర్చున్నారు. తిట్టినా బాగుండేదనిపించింది. తర్వాత లోపలికొచ్చి, కుర్చీ నా పక్కకి లాక్కుని, "ఏదీ, మొదటిది తియ్యి" అన్నారు.

ఆ రాత్రి నుంచీ రోజూ గంటసేపు ఇదే పని. ఆయన చెప్తారు, నేను టైప్ చేస్తాను. ఈయన లైట్ మోస్తూ పడిపోయి నడుం విరగ్గొట్టుకున్నాడు. ఈవిడ ఇరవై సినిమాల్లో పెళ్లి పేరంటాళ్లలో నిలబడింది, ఒక్క డైలాగూ లేదు. వాళ్లని అడగకుండా పేర్లు ఇక్కడ వేయలేను గానీ, ఫైళ్ల మీద మాత్రం తెలుగులోనే ఉన్నాయి. ఇంతకుముందు నాన్న ఇంగ్లీష్ అక్షరాల్లో పెట్టుకునేవారు, తెలుగు టైపింగ్ రాక. ఇప్పుడు టైపింగ్ నాకొచ్చు, స్పెల్లింగ్ రాదు. "ల కాదురా, ళ" అని ఆయన దిద్దుతుంటారు. పన్నెండేళ్లు ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాకు తెలుగు డిక్టేషన్ చెప్పిన మొదటి మాస్టారు మా నాన్నే.

1932లో వచ్చిన మన తొలి పూర్తి టాకీ 'భక్త ప్రహ్లాద' ప్రింటు ఇవాళ లేదు. దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి అనీ, లీలావతి వేషం సురభి కమలాబాయి వేసిందనీ మాత్రం తెలుసు. అక్కడ బొమ్మ పోయి పేర్లు మిగిలాయి. పైగా అవి తెర మీది వాళ్ల పేర్లు. మా డిస్కులో ఉన్నవాళ్లు తెర వెనకాలో, తెర మీద ఉన్నా గుంపులోనో ఉన్నవాళ్లు. వాళ్ల పేర్లు నాన్న బుర్రలో తప్ప ఇంకెక్కడా లేవు. ఆయనకిప్పుడు యాభై ఆరేళ్లు. ఈ డిస్కు పాడవకపోయుంటే నేను వాటిని అడిగుండేవాణ్ణి కాదు.

ఇప్పుడు మూడు కాపీలున్నాయి. రెండు వేర్వేరు డిస్కుల్లో, ఒకటి తెనాలిలో బాబాయి ఇంట్లో. మీ ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లు కూడా ఒకసారి చూడండి. బ్యాకప్ తీసేటప్పుడే ఫోటోలో ఎవరున్నారో అడిగి రాసుకోండి, అది ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు.

ఇంకా మూడువేల పైచిలుకు మిగిలాయి. కొందరు నాన్నకీ గుర్తు రావట్లేదు. పోయిన ఆదివారం అలాంటివి నలభై నా ఫోన్‌లో వేయించుకుని కృష్ణానగర్ వెళ్లారు. సాయంత్రం వచ్చాక చెప్పారు, పద్దెనిమిది మంది పేర్లు దొరికాయట.