కలివికోడికి పేరెట్లొచ్చింది?

"పక్షే లేదనుకున్నారంటివే, మరి మా పెద్దోళ్ల దగ్గర దానికి పేరెట్లుండాది సార్?" కలివికోడి గురించి చెబుతుంటే యానాదుల పిల్ల ఒకతి అడిగింది. మాకు వెంటనే జవాబు తోచలేదు.

1900 తర్వాత అది శాస్త్రవేత్తల కంటబడలేదు. అంతరించిందనుకున్నారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవాళ్లు ఊళ్లలో అడగడం మొదలుపెట్టాక, 1986 జనవరిలో, కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే వేటగాడు రాత్రిపూట టార్చి వెలుగులో పట్టుకొచ్చాడు. పెద్ద కళ్లు దానివి. పగలు పొదల మాటున ఉండి, చీకటిపడ్డాకే తిరుగుతుంది. రాత్రి అడవిలో తిరిగేవాళ్లకు కాక ఇంకెవరికి తెలుస్తుంది? అయితే పట్టిన పక్షి బతకలేదు. అది చెప్పడం మాకు కష్టంగానే ఉండింది.

"పట్టకుండా కనుక్కోలేరా?"

దారిలో మెత్తటి మట్టి పరిచి అడుగుల గుర్తులు చూస్తారని చెప్పాం.

"అది మా తాతకూ తెలుసు," అనింది.