పృచ్ఛకుని ఎదుట

పెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థలో ఇంజనీరు ఉద్యోగానికి జరిగే మౌఖిక పరీక్ష ఇంచుమించు అవధానం వంటిది. పృచ్ఛకుడు సమస్య ఇస్తాడు. గడువు సాధారణంగా ముప్పావుగంట. వెయ్యి సంఖ్యల వరుసలో ఏదైనా సంఖ్య రెండుమార్లు వచ్చిందా అన్నది ప్రశ్న అనుకొందాం. ప్రతి సంఖ్యనూ తక్కినవాటితో పోల్చి చూడడం తొలుత తోచే మార్గం. అందుకు 4,99,500 పోలికలు అవసరం కావచ్చు. చూసిన సంఖ్యను చూసినట్లే పట్టికలో గుర్తించుకొంటూ పోతే వెయ్యి అడుగులలో పని ముగుస్తుంది. మొదటి మార్గం నుండి రెండవదానికి అభ్యర్థి ఎలా చేరాడన్నదే అసలు పరీక్ష.

విమానంలో ఎన్ని గోల్ఫ్ బంతులు పడతాయి వంటి చిక్కుప్రశ్నలూ ఒకప్పుడు గూగుల్ సంస్థలో అడిగేవారు. అవి వట్టి కాలహరణమని ఆ సంస్థ ఉద్యోగుల విభాగాధిపతి లాస్లో బాక్ 2013లో బాహాటంగా ఒప్పుకొన్నాడు. అప్రస్తుత ప్రసంగానికి అవధానంలో చోటుంది గాని, ఇక్కడ దానికేమి పని!

తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థికి కష్టం మరొకచోట ఎదురవుతుంది. సమాధానం పూర్తిగా సిద్ధమయ్యేదాకా అతడు నోరు విప్పడు. తప్పు పలికితే నవ్వుతారన్న బెరుకు తరగతి గదిలో అబ్బినదే. గూగుల్‌లో ఏళ్ల తరబడి సాగిన పద్ధతిలో తుది నిర్ణయం పృచ్ఛకునిది కాదు. అతడు రాసి పంపిన వివరాలను చదివి, అభ్యర్థిని పరీక్షించని ఒక సంఘం తీర్పు చెబుతుంది. మనసులో ఎంత లెక్క నడిచినా, మౌనంగా కూర్చున్నవాని గురించి పృచ్ఛకుడు ఏమని రాయగలడు? తడబడినపుడు చిన్న సూచన అందుతుంది. దానిని అందుకొని, తన ఊహ ఎక్కడ తప్పిందో పైకి చెప్పి దారి మార్చుకొన్న అభ్యర్థి గురించి రాయడానికి మాత్రం చాలా ఉంటుంది.